చింతగింజ అతికించిన క్యాసెట్టు

కనకమహాలక్ష్మి గెలిచిన పోట్లాట ఒకటి నేను కళ్ళారా చూశాను. గట్టు తగాదాలు, నీళ్ళ వంతుల తగాదాలు మా ఊళ్ళో కావలసినన్ని చూశాను గానీ, కథ చివర ఏమైందో చెప్పమని ఒక ఆడమనిషి దుకాణం గడపకు అడ్డంగా కూర్చుని గెలవడం అంతకుముందు చూడలేదు. ఆ తరువాతా చూడలేదు.

పటాన్‌చెరు బస్టాండు పక్క సందులో జరిగిందది. కిరసనాయిలు స్టవ్వు బాగుచేయించుకోవడానికి పోయాను. ఆ రిపేరు కొట్టును ఆనుకునే సత్తిబాబు అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. సత్తిబాబు గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి. కంపెనీ బస్సులు దిగిన కుర్ర పనివాళ్ళు డిటెక్టివ్ పుస్తకాలూ, ఇళ్ళల్లో ఆడవాళ్ళు నవలలూ అద్దెకు తీసుకుపోయి, చదివి తెచ్చిచ్చేవాళ్ళు. పొలం కౌలుకిస్తారని తెలుసు, ఇల్లు కిరాయికిస్తారని తెలుసు, కథలు కూడా కిరాయికిస్తారా అని నాకు ఆ కొట్టును చూసినప్పుడల్లా వింతగా ఉండేది.

ఆ రోజు సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకామె అట్ట ఊడిన పుస్తకం బల్ల మీద పెట్టి, దీనికి చివరి కాగితాలు లేవన్నది. సత్తిబాబు నొచ్చుకున్నాడు. దానికి అద్దె వద్దనీ, ఇంకో మంచి పుస్తకం తీసుకెళ్ళమనీ అన్నాడు.

"అద్దె సంగతి ఎవరడిగారండీ? నాకు ముగింపు కావాలి."

"కాగితాలే లేకపోతే ముగింపు ఎక్కణ్ణుంచి తెమ్మంటారండీ?"

"నోటితో చెప్పండి."

నేనది చదవలేదండి అన్నాడు సత్తిబాబు. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

"చదవలేదా? చాలా బాగుంటదండీ, చదివాక మీకు నిద్ర పట్టదండీ అని పోయినవారం నా చేతిలో ఎలా పెట్టారు మరి?"

స్టవ్వు బాగుచేసేవాడు పంపు కొట్టడం ఆపి చెవి అటు పెట్టాడు. ఆమె అరవలేదు. సత్తిబాబు స్టూలు లాక్కుని, గుమ్మానికి అడ్డంగా వేసుకుని, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. లోపలున్నవాళ్ళు బయటికి రాలేరు, బయటివాళ్ళు లోపలికి పోలేరు. ఈలోగా షిఫ్టు బస్సు వచ్చింది. కుర్రవాళ్ళు గుంపుగా దిగి, సంగతేందో తెలుసుకుని, వాళ్ళూ ఆమె వైపే చేరారు. చెప్పి తప్పుకోరాదే అన్నా అని ఒకడన్నాడు.

సత్తిబాబు పుస్తకం తీసి, మిగిలి ఉన్న చివరి కాగితం ఒకసారి చదువుకున్నాడు. కళ్ళు మూసుకుని, గుర్తుకు తెచ్చుకుంటున్న మనిషిలా నుదురు రుద్దుకున్నాడు. తరువాత చెప్పాడు. పొద్దు కుంకుతోంది. ఆ పిల్ల రేవులో పడవ ఎక్కేసింది. ఒడ్డున అత్తింటివాళ్ళు పేరు పెట్టి పిలుస్తున్నారు. నడి ఏట్లో పడవవాడు తెడ్డు ఆపి, వెనక్కి తిప్పమంటావా తల్లీ అని అడిగాడు. "వెయ్యి నాయనా తెడ్డు," అన్నదట ఆ పిల్ల. వెనక్కి తిరిగి కూడా చూడలేదట. పడవ అవతలి ఒడ్డుకు తగిలింది. అంతేనండి, ఆయ్, అన్నాడు.

ఆమె లేచి, స్టూలు దాని చోట దాన్ని పెట్టి, చివర లేని పుస్తకం ఇంకెవరికీ అంటగట్టొద్దని చెప్పి, దాన్ని తనే చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. సత్తిబాబు అడ్డు చెప్పలేదు.

ఇంద్రేశం పోయే ఆటోలో ఆమె నా పక్కనే ఇరుక్కుని కూర్చుంది. నేను ఎంతసేపు ఉగ్గబట్టుకోగలను?

"ఏమమ్మా, గా పిల్ల పడవెందుకెక్కింది? అత్తగారింట్ల ఏం తక్కువైంది?"

ముగింపు విన్నాక మొదలెందుకండీ అన్నదామె.

"తోక చేతికొచ్చినంక ఆవెక్కడున్నదో సూడొద్దా?"

అప్పుడు నవ్వింది. మాటల్లో తెలిసింది, మా జొన్న చెల్కలో ఇల్లు కట్టుకున్న త్రినాథరావు సారు భార్య ఈమేనని. ఆయన పెద్ద సర్కారీ కార్ఖానాలో పని చేసేవాడు. రిటైరవడానికి ఇంకా నాలుగైదేళ్ళుండగానే క్వార్టరు వదిలి, మా చెల్క ప్లాట్లు చేసి అమ్మితే ఒకటి కొని, రెండు గదులు వేసుకున్నారు. మా మామ మంచె ఉండిన చోట ఇప్పుడు వాళ్ళ వంటిల్లు. అమ్ముకున్న భూమిలోకి చుట్టంలా పోయి కూర్చోవడం నాకు నామోషీ. అందుకే ఆ ఇళ్ళ వైపు తిరిగి చూసేదాన్ని కాదు. కానీ ఆ పిల్ల పడవ ఎందుకెక్కిందో తెలియకుండా రెండు రోజులకు మించి ఉండలేకపోయాను.

నేను పోయేసరికి కనకమహాలక్ష్మి ఒంటరిగా కూర్చుని, ఎదురుగా ఉన్న టేపురికార్డరుకు పుస్తకం చదివి వినిపిస్తోంది. వినేవాళ్ళు లేరు. నన్ను చూసి ఒక మీట నొక్కి ఆపింది. ఎవరికి చెప్తున్నావమ్మా అని అడిగాను. నాకేనండీ అన్నది.

సంగతి ఇదీ. ఆమెకు చక్కెర జబ్బు. అది కళ్ళలోకి దిగింది. హైదరాబాదులో లేజరు లైటు పెట్టి కాల్చారు గానీ, ఇంకో ఏడాది, మహా అయితే ఏడాదిన్నర, ఆ తరువాత అక్షరం కనబడటం కష్టమేనని డాక్టరు చెప్పాడట. ఇంటికొచ్చి ఏడ్చిందో లేదో నాకు తెలియదు. నేను చూసేనాటికి మాత్రం ఒక ఏర్పాటు చేసుకుంది. తనకు ఇష్టమైన పుస్తకాలన్నీ చూపున్నప్పుడే క్యాసెట్లలోకి చదివి పెట్టుకోవడం, చూపు పోయాక వేసుకుని వినడం.

సారుతో చదివించుకోవచ్చు గదా అన్నాను.

"ఆయన చదివితే హాజరు పిలిచినట్టుంటదండీ. కథలో ఉన్నవాళ్ళంతా లేచి 'ప్రెజెంట్ సార్' అనాలి."

ఏర్పాటులో రెండు కట్టుబాట్లున్నాయి. మొదటిది, క్యాసెట్లు ఒక బిస్కెట్ల డబ్బాలో పట్టినన్నే ఉండాలి. ఎక్కువైతే చీకట్లో వెతుక్కోలేనన్నది. ఒక్కో నవలకు నాలుగైదు క్యాసెట్లు పట్టేవి. అందుకని డబ్బా నిండాక కొత్త పుస్తకం చదవాలంటే, పాతదొకటి చెరిపి దాని మీదే చదవాలి. ఏది ఉంచాలి, ఏది చెరపాలి అనేది ఆ ఏడాది పొడుగునా మా ఇద్దరికీ పంచాయితీ. రెండో కట్టుబాటు, అచ్చులో లేని మాట టేపులో పడకూడదు. పుస్తకం రాసినవాళ్ళు ఏది రాశారో అదే, ఒక అక్షరం ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఆ రెండో కట్టుబాటు మొదటి రోజే నా నోటివల్ల తెగింది. పడవ పుస్తకాన్ని నాకోసం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. దానికి పేరు లేదు. అట్టతోపాటు మొదటి ఒకటి రెండు కాగితాలూ ఊడిపోయాయి. కాగితాల తలల మీద పేరు ఉండేదేమో, బైండింగు వేసినవాడి కత్తి దాన్నీ తినేసింది. కథ మాత్రం మొదటినుంచీ ఉంది. "వాన వెలిసింది గానీ చూరు ఇంకా కారుతూనే ఉంది. అవ్వ పోయి ఆ రోజుకు మూడో నాడు." ఇలా మొదలయ్యేది. తల్లి చనిపోయిన పిల్ల గదా అనుకున్నాను. మాకు అవ్వ అంటే కన్నతల్లి. నేను కొంగు నోట్లో కుక్కుకుని వింటున్నాను. ఇంకో పది కాగితాలు తిరిగేసరికి ఆ పిల్ల తల్లి పొద్దున్నే లేచి పొయ్యి రాజేస్తోంది.

"సచ్చిన మనిషి లేసొచ్చి పొయ్యెట్ల అంటిచ్చింది?" అని నేను గట్టిగానే అన్నాను.

కనకమ్మ ఉలిక్కిపడి మీట నొక్కింది. ఎవరు చచ్చిందంటుంది ఆమె, అవ్వ గదా అంటాను నేను. కాసేపటికి గానీ తేలలేదు. వాళ్ళ పుస్తకాల్లో అవ్వ అంటే ముసలమ్మ. చచ్చింది ఆ పిల్ల నాయనమ్మ. ఊరికే పోగొట్టుకున్న ఏడుపుకు నాకు ఒళ్ళు మండింది. ఆమె టేపు వెనక్కి తిప్పి ఆ ముక్క మళ్ళీ చదివింది. అయినా అంచున కొంచెం మిగిలిపోయింది. ఇప్పటికీ అది వేస్తే, తల్లి పొయ్యి రాజేసే ముందు ఎవరో ముసల్ది "సచ్చిన" అనడం వినిపిస్తుంది.

తరువాత వాళ్ళు ఊడ్పులకు పోయారు. ఆడవాళ్ళంతా మోకాలి లోతు నీళ్ళలో, వానలో, పొద్దుగూకేదాకా పొలం ఊడుస్తున్నారు. ఈసారి నేను నోరు మూసుకుని టేపు ఆగేదాకా ఉండి, అప్పుడడిగాను.

"మీ దిక్కు పొలాలు గూడ ఊడుస్తరా? నీళ్ళల్ల చీపురు ఎట్ల ఆడుతది?"

ఆమె నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మరి మీరేమంటారని అడిగింది. నాట్లేస్తం అన్నాను. నాటు, ఊడ్పు, నాటు, ఊడ్పు అని రెండు మాటలూ కాసేపు నోట్లో వేసుకుని రుచి చూసింది. ఆ రోజునుంచి ఆమె చదవబోయే ముందు, ముత్యమ్మక్కా, ఇందులో మీకు తేడాగా తగిలే మాటలుంటే ఆపాకే చెప్పండి అని నా చేత ఒట్టు వేయించుకునేది.

అలా ఉగాదినుంచి ఉగాదిదాకా నడిచింది. మధ్యాహ్నం ఎద్దులకు నీళ్ళు చూపించి పోయేదాన్ని. బొల్లారం ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి మళ్ళితే కళ్ళు మండేవి. లేచి కిటికీ మూసేదాన్ని. ఆ కిటికీ చప్పుడు ఎన్ని క్యాసెట్లలో ఉందో. అది అచ్చులో లేదు గదా, దాన్నేం చేస్తావ్ అని ఒకసారి ఎత్తిపొడిచాను. అది మాట కాదు గదా అక్కా అన్నది.

నాకు వింతగా తోచింది ఇంకొకటుంది. తన గొంతు టేపులో వేసి విన్నప్పుడు కనకమ్మ ముఖం ముడుచుకునేది. ఇది నేను కాదు, మా పెద్దక్క అనేది. మొదట్లో ఆ గొంతుతో ఆమెకు పడేది కాదు. ఈవిడతో నేను మిగిలిన జన్మంతా కాపరం చెయ్యాలి గదా, మంచి చేసుకోవాలి అని, రాత్రి అన్నం తిన్నాక కొంచెం కొంచెం వినడం అలవాటు చేసుకుంది.

ఏమేం విన్నామో అన్నీ చెప్పలేను గానీ, కొన్ని చెప్తాను. ఎవరో ఒకాయన కాశీకి నడిచిపోయి రాసిన పుస్తకం. చదివినన్నాళ్ళూ మా ఇద్దరికీ కాళ్ళు నొప్పులు. బెంగాలీ నుంచి తెలుగు చేసిన జమీందారు కథ. ఆ ఇంట్లో అందరూ వాన పడితే చాలు ఏడుస్తారు. ఇంతమంది ఏడుస్తుంటే పశువులకు గడ్డి ఎవరేస్తున్నారని నాకు చివరిదాకా బెంగ. ఒక డిటెక్టివ్ నవల. హంతకుడు కంపౌండరే అని రెండో క్యాసెట్టులోనే చెప్పాను. అవసరం లేకుండా మంచిగా మాట్లాడేవాణ్ణి మా ఊళ్ళో నమ్మం. కనకమ్మకు కోపమొచ్చి రెండు రోజులు అది చదవలేదు. చివరికి కంపౌండరే.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది పిల్లలకోసం రాసిన చీమల పుస్తకం. ముందు పోయిన చీమ దారి పొడుగునా వాసన వదులుతుందనీ, వెనకవాళ్ళు దాన్ని పట్టుకునే పోతారనీ అందులో ఉంది. పుట్టినప్పటినుంచీ చీమల మధ్యే బతికాను, నాకు చెప్పొచ్చారా అనుకుని, మా అరుగు మీద బెల్లం ముక్క పెట్టి, బారు కట్టాక మధ్యలో తడిగుడ్డతో తుడిచాను. అక్కడికొచ్చిన చీమలన్నీ ఆగి, దారి తప్పిన జాతర మనుషుల్లా తిరగడం మొదలుపెట్టాయి. నాకు ముందు కోపం వచ్చింది, తరువాత గౌరవం వచ్చింది. ఆ సాయంత్రం వంట ఆలస్యమైంది. ఎందుకని మా ఆయన అడిగితే చీమల వల్ల అన్నాను.

ఉగాది రోజు త్రినాథరావు సారు పంచాంగం చదివి, ఎవరి రాశికి ఆదాయమెంతో, అవమానమెంతో చెప్పాడు. ఆయన లేచిపోయాక, ఇక మన పుస్తకాల పంచాంగం చూద్దామక్కా అన్నది కనకమ్మ. డబ్బా మూత తీసి క్యాసెట్లు చాప మీద పరిచింది. చేత్తో తడిమి పోల్చుకోవడానికి ఒక్కో కట్టకు ఒక్కో గుర్తు అతికించి పెట్టుకున్నాం. కాశీకి రాగి బిళ్ళ, బెంగాలీకి చొక్కా గుండీ, చీమలకు జొన్నగింజ. పడవ పుస్తకం చివరి క్యాసెట్టుకు పగలగొట్టిన చింతగింజ సగం. అది బోర్లించిన పడవలాగే ఉంటుంది.

డిటెక్టివుకు రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు ఇచ్చాను. కాశీకి ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు. టికెట్టు లేకుండా పోయొచ్చాం గదా. బెంగాలీ చెరపమన్నాను. ఆమె ఒప్పుకోలేదు, వాళ్ళు ఏడ్చే తీరు బాగుంటుందన్నది. చీమలకు ఆదాయమే తప్ప వ్యయం లేదన్నాం ఇద్దరం. ఎన్ని చెప్పుకున్నా, ఆ ఏడాదికి రాజు పడవ పుస్తకమే. దాని మీద మాత్రం తగాదా రాలేదు. సరిగ్గా చెప్పాలంటే ఏడాదంతా దాని ముగింపు కోసమే ఎదురుచూశాం.

ఎందుకంటే ఆ క్యాసెట్టులో కనకమ్మ గొంతు, "వెనక్కి తిప్పమంటావా, తల్లీ?" అని ఆగిపోతుంది. చిరిగిన చోటు అదే. ఆ తరువాత ఉత్త టేపు తిరిగే చప్పుడు, ఏటి మీద గాలిలాగా. సత్తిబాబు చెప్పింది చెప్పెయ్యి, ఏం పోయింది అని ఎన్నిసార్లన్నానో. అచ్చులో లేదు గదా అనేది. పైగా ఆమెకు ఒక అనుమానం. సత్తిబాబు చెప్పింది నిజంగా పుస్తకంలోదేనా? ముగింపుతో ఉన్న పుస్తకం దొరికితే చూపున్నప్పుడే చదివి పెట్టుకోవాలని ఆమె తాపత్రయం. సంగారెడ్డి లైబ్రరీలో అడిగించింది. సారు ఆదివారాలు కోఠీలో పాతపుస్తకాల గుట్టలు తిరగేసి వచ్చేవాడు. పేరు లేని పుస్తకం ఏమని అడిగితే దొరుకుతుంది?

క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవి విరిచేస్తే దాని మీద ఇంకెవరూ ఏమీ ఎక్కించలేరు. ఆ ఉగాదికి చీమలవీ, కాశీవీ, బెంగాలీవీ ఆమే విరిచింది. చింతగింజ క్యాసెట్టువి మాత్రం విరవలేదు. ఇంటికి రావలసిన మనిషి ఇంకా బయటే ఉంటే తలుపు గడియ పెడతామా అన్నది.

ఎండలు ముదిరేసరికి ఆమె కుడి కంట్లో నెత్తురు దిగింది. ఎడమ కన్ను భూతద్దంతో వారం పది రోజులు పని చేసింది. తరువాత అదీ మసకేసింది. మనిషి ఆకారం తెలుస్తుంది, అక్షరం తెలియదు. డబ్బా దగ్గర కూర్చుని గుర్తులు తడుముకుంటూ, చింతగింజ దగ్గరికొచ్చేసరికి వేలు ఆగిపోయేది. దాన్ని వేసుకునేది కాదు. ఆ ప్రశ్న దగ్గర ఆగిపోవడం ఇక తనవల్ల కాదన్నది.

పుస్తకాలు బతికున్నప్పుడు ఎక్కడుంటాయో నాకు తెలియదు గానీ, చచ్చాక ఎక్కడికి పోతాయో తెలుసు. బొల్లారం రోడ్డు మీద పాతకాగితాల గోదాము ఉంది. లారీలకొద్దీ వచ్చి పడతాయి, అక్కణ్ణుంచి మిల్లుకు పోతాయి. నేను వారానికోసారి అక్కడికి పోవడం మొదలుపెట్టాను. గోదాము అతను నవ్వాడు. అవ్వా, నీకు సదువొస్తదా అన్నాడు. సర్కారుది కాని ఖాన్గీ బడిలో మూడో తరగతిదాకా చదివాను, ఆ తరువాత పొలమే నా పలక. గుణింతాలు మర్చిపోలేదు. అయినా నాకు పుస్తకమంతా అక్కర్లేదు. మొదటి కాగితం మీద మొదటి మాట చాలు. ఏడాది పొడుగునా చెవిలో పడిన మాట అది. పేరు పోయిన మనిషిని గొంతుతో పోల్చుకుంటాం గదా, అంతే. పుస్తకం తియ్యడం, తెరవడం, "వా" అని లేకపోతే అవతల పడెయ్యడం. "వాన" అని ఉన్నవి రెండు మూడు దొరికి ఆశపెట్టాయి. వాటిలో వాన వెలవలేదు, అప్పుడే మొదలైంది.

వానాకాలం నాట్లు అయిపోయాక ఒక రోజు దొరికింది. "వాన వెలిసింది గానీ చూరు ఇంకా కారుతూనే ఉంది." అట్ట ఉంది, పేరు ఉంది, చివరి కాగితం ఉంది. పేరు చూస్తే ఎవరో పరాయి పుస్తకంలా అనిపించింది. నేను అక్కడే, కాగితాల మూటల మీద కూర్చుని, పడవ నడి ఏట్లోకి వచ్చిన చోటు వెతుక్కుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాను. చాలాసేపు పట్టింది. చదివి, పుస్తకాన్ని మళ్ళీ ఆ మూటలోకే విసిరెయ్యాలనిపించింది.

వెనక్కి తిప్పమంటావా అంటే, తిప్పమన్నది ఆ పిల్ల. ఒడ్డుకొచ్చి అత్త కాళ్ళ మీద పడింది. అత్త లేవనెత్తింది. ఇంట్లో దీపం పెట్టారు. కథ సుఖంగా ముగిసింది.

పుస్తకం తీసుకుని నేరుగా సత్తిబాబు కొట్టుకు పోయాను. అప్పటికి అద్దె పుస్తకాలు తగ్గి, కొట్టులో సగం వీడియో క్యాసెట్లే ఉన్నాయి. పుస్తకం బల్ల మీద పెట్టి, చివరి కాగితం తెరిచి చూపించాను. చదివాడు. తల గోక్కున్నాడు. ఎందుకు అబద్ధం చెప్పినవ్ అని అడిగాను.

"ఏంచెయ్యమంటారండీ? ఆవిడ అలా గుమ్మంలో కూర్చుంది. ఆవిణ్ణి చూస్తా ఆ పిల్లని వెనక్కి పంపడానికి నాకు ధైర్యం చాల్లేదండి."

పుస్తకం మూసి, చంకలో పెట్టుకుని కొట్టు దిగాను.

కనకమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. పుస్తకం ఒడిలో పెట్టాను. ఏమిటని అడగలేదు. అట్ట తడిమింది, వెనకనుంచి కాగితాలు వేళ్ళతో తిప్పి చూసింది, చివరిదాని అంచు పట్టుకుంది.

"చదివారా అక్కా?"

"సదివిన."

"సత్తిబాబు చెప్పినట్టే ఉందా?"

నేను అబద్ధాలాడను. లేదని చెప్పాను. పుస్తకంలో పిల్ల వెనక్కొస్తుందనీ, అత్త కాళ్ళు పట్టుకుంటుందనీ చెప్పాను. ఇంత చేసి, ఇంత దూరం పోయి వెనక్కొచ్చే దానికి పడవెందుకు, నడిచి పొయ్యొస్తే పోయేది గదా అని నా కోపమంతా చెప్పాను. సత్తిబాబు అన్న మాట కూడా చెప్పాను. అది వినగానే ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఉంది, కళ్ళు తుడుచుకుంటూ, ఆ రోజు ఊడ్పుల మాటకు నవ్వినట్టే. రోడ్డు మీద కంపెనీ బస్సు ఒకటి పోయింది. ఆమె లేచి, గోడ పట్టుకుని లోపలికి పోయి, డబ్బాలోంచి ఒక్క క్యాసెట్టు మాత్రం తీసుకుని వచ్చింది. చింతగింజది. దాన్ని నా చేతిలో పెట్టింది.

"ముందు పుస్తకంలోది నాకొక్కసారి చదివి వినిపించండక్కా, మిషను ఆపి. రాసినవారి మాట వినాలి గదా. తరువాత మిషను పెట్టి, మనం ఆ రోజు కొట్లో గెలుచుకున్నది మీ నోటితో మీరు చెప్పండి. మీ మాటల్లోనే చెప్పండి, నేను దిద్దను. అయిపోయాక ఆ రెండు రెక్కలూ మీరే విరిచెయ్యండి."